ఎడమ తలుపు మీద పసుపు

కారు వేగం గంటకు డెబ్బై కిలోమీటర్లు దాటగానే ఆ మోత మొదలయ్యేది. మోత అనడం సాంకేతికంగా సరికాదు. కారు లోపలి గాలి మొత్తం సెకనుకు పదిహేడు, పద్దెనిమిది సార్లు నొక్కుకుపోయి సడలడం అది. అందులో చెవికి వినబడే భాగం తక్కువ. చెవి పొర మీదా ఛాతీ మీదా పడే దెబ్బ ఎక్కువ. ఖాళీ సీసా మూతి మీదుగా ఊదితే సీసా పలకడానికీ, ఒక పక్క అద్దం దించిన కారు ఇలా కొట్టుకోవడానికీ కారణం ఒక్కటే. కిటికీ ముందు అంచు దగ్గర గాలి చీలి సుడులు తిరుగుతుంది. ఆ సుడులు కిటికీ వెనక అంచును తాకే లయా, లోపలి గాలి ఊగే లయా ఒకటైనప్పుడు కారంతా సీసా అయిపోతుంది. మామూలు కార్లలో వెనక అద్దం దించినప్పుడు ఇది ఎక్కువ. రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారులో లోపలి చోటు తక్కువ, పైకప్పు ఎత్తు తక్కువ, కిటికీ మాత్రం పెద్దది. అందుకని ముందు అద్దానికే వస్తుంది. మా కారులో ఎనభై అయిదు దగ్గర అది అన్నిటికంటే తీవ్రంగా ఉండేది. పక్కనున్న మనిషి అరిచినా వినబడేది కాదు.

ఈ ఒక్క విషయం నాకు బాగా తెలుసు. పుణెలో ఒక కార్ల పరీక్షా కేంద్రంలో తొమ్మిదేళ్ళు నేను చేసిన పని ఇదే: గాలి వల్ల కారులో పుట్టే చప్పుళ్ళను కొలవడం, తగ్గించడం. అలాంటి నేను రెండేళ్ళపాటు నెలకోసారి ఆ మోతలో పాలకొల్లు నుంచి రాజమండ్రి వెళ్ళి, అదే మోతలో తిరిగివచ్చి, దాని జోలికి వెళ్ళలేదు.

కారు మా మావగారిది. పాలకొల్లులో ఆయనకు మోటార్లు, పైపులు, రొయ్యల చెరువుల్లో తిప్పే ఏరేటర్లు అమ్మే కొట్టు ఉంది. నాలుగేళ్ళ కిందట ఆయనకు గుండెపోటు వచ్చింది. నా భార్య ఆయనకు ఒక్కతే కూతురు. ఆసుపత్రి మంచం మీద నుంచి ఆయన నాతో, "ఒక్క ఆరు నెలలు కొట్టు చూసిపెట్టండి బాబూ, ఈలోగా నేను లేచి కూర్చుంటాను," అన్నారు. నేను సెలవు పెట్టి వచ్చాను. సెలవు పొడిగించాను. తరవాత రాజీనామా పంపాను. ఆయన ఆరు నెలలకు నిజంగానే లేచి కూర్చున్నారు. కానీ కొట్టులో కుర్చీ నాకు వదిలేసి, పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఆరు నెలలన్న మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేదు, ఎవరూ గుర్తు చేయలేదు. ఆ ఇంట్లో నన్ను అందరూ 'మీరు' అంటారు. అన్నం మొదట నాకే వడ్డిస్తారు. ఏసీ ఉన్న గది నాకే ఇచ్చారు. అంత మర్యాద చేసేవాళ్ళ ఎదుట నిలబడి నేను వెళ్ళిపోతానని ఎలా అనాలో నాకు తోచేది కాదు. ఒక్కరైనా కసురుకుని ఉంటే నాకు తేలికయ్యేది.

ఆపరేషన్ తరవాత డాక్టరు ఆయన్ని కారు నడపవద్దన్నారు. నెలకోసారి పరీక్షకు నేనే తీసుకెళ్ళేవాణ్ణి. మొదట్లో పెద్ద కారు ఉండేది. అందులో మా అత్తగారు, ఆయన చెల్లెలు, ఎదురింటి ఆవిడ, దారిలో మార్టేరులో ఎక్కే ఆయన బావమరిది ఒకరు, అందరూ ఆయన గుండెకు సాయంగా వచ్చేవారు. ఒకనాడు ఆయన ఎవరికీ చెప్పకుండా భీమవరం వెళ్ళి, ఒక చేపల చెరువుల ఆసామి రోడ్ల మీద అడుగు గీసుకుపోతోందని విసిగి అమ్మేస్తున్న ఎర్రటి రెండు సీట్ల కారు కొని తెచ్చారు. అత్తగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"ఏంటండీ ఇది? వెనకాల సీటు మర్చిపోయారా వాళ్ళు?"

"మర్చిపోలేదు. అందుకే కొన్నాను," అన్నారు మావగారు.

ఆ కారులో ఆయన అద్దం ఎప్పుడూ దించే ఉండాలి. ఐసీయూలో పదకొండు రోజులు పడుకున్న తరవాత ఆయన మూసిన చోట ఉండలేకపోయేవారు. లిఫ్టు ఎక్కరు. స్నానాల గది తలుపు గడియ పెట్టుకోరు. కారులో అద్దం ఎత్తితే అయిదు నిమిషాలకు నుదుట చెమట పట్టి, సీటు బెల్టు కింద వేళ్ళు దూర్చి లాక్కునేవారు. నా వైపు అద్దం కూడా కొంచెం దించితే మోత తగ్గుతుందని నాకు తెలుసు. కానీ అడ్డంగా కొట్టే గాలి ఆయన మెడకు పడేది కాదు. అందువల్ల ఆయన అద్దం కిందికి, నా అద్దం పైకి. ఆ మోతకు ఇంతకంటే అనువైన అమరిక లేదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ మోత నాకు అనుకూలంగా ఉండేది. హైవే మీద ఆయన ఏదో అనబోయేవారు, నేను చెవి చూపించి తల అడ్డంగా ఊపేవాణ్ణి, ఆయన చెయ్యి ఊపి ఊరుకునేవారు. కొట్టులో మా మధ్య ఎప్పుడూ కొనేవాళ్ళుండేవారు. ఇంట్లో ఎప్పుడూ అత్తగారుండేవారు. మేమిద్దరమే ఉండే చోటు ఆ కారొక్కటే, అందులో మాట్లాడుకునే వీల్లేదు. వీలు ఎలా కల్పించాలో తెలిసినవాణ్ణి నేనే. రెండేళ్ళు నా చేతులు కట్టేసుకుని కూర్చున్నాను.

డిసెంబరులో ఒక మంగళవారం పుణె నుంచి నా పాత అధికారి ఫోన్ చేశారు. నా స్థానంలో చేరినతను వెళ్ళిపోతున్నాడట. "నీ పాత పనే, నీ పాత బల్లే. వచ్చే సోమవారం సాయంత్రంలోగా అవునో కాదో రాయి. తరవాత నా చేతిలో ఉండదు," అన్నారు. అప్పుడు నేను కొట్టు వెనక గోదాములో పైపు ముక్కల మధ్య నిలబడి ఉన్నాను. ఫోన్ పెట్టేశాక, నా చేతిలో ఉన్న రెండంగుళాల పైపును ఎందుకు పట్టుకున్నానో చాలాసేపటి దాకా గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తున్న నా భార్యకు చెప్పాను.

"వెళ్దామని ఉందా మీకు?" అంది.

"ఉంది."

"అయితే నాన్నకు మీరే చెప్పాలి. నేను చెబితే, నేను మిమ్మల్ని లాక్కుపోతున్నాననుకుంటారు. అమ్మ చేత చెప్పిస్తే మీరు మొహం చాటేశారనుకుంటారు."

"ఎప్పుడు చెప్పను?"

"నాలుగేళ్ళ నుంచీ నేనూ అదే చూస్తున్నానండి, ఎప్పుడు చెబుతారా అని," అంటూ దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది.

రాజమండ్రిలో పరీక్ష సోమవారం ఉదయమే. కారులో చెప్పాలి, కారులో చెప్పాలంటే మోత ఆగాలి. అదే రాత్రి ఫోనులో వెతికి, కిటికీ దగ్గర గాలిని పక్కకు మళ్ళించే డిఫ్లెక్టర్లు తెప్పించాను. అవి కారు చేసినవాళ్ళవి కావు, వేరే ఎవరో ఆ నమూనాకు సరిపడేలా చేసి అమ్ముతున్నవి. శనివారం వచ్చాయి. పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ పలకలు రెండు, ఒక్కొక్కటి జానెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు. కిటికీ అద్దానికి ముందు, వెనక వచ్చే బళ్ళను చూసుకునే అద్దం బిగించిన చోట నల్లటి త్రికోణపు ముక్క ఒకటి ఉంటుంది. దాని మీద వీటిని రెండు వైపులా అంటుకునే పట్టీతో అతికించాలి. గాలి చీలే చోటును అవి ఒక వేలెడు బయటికి నెడతాయి. సుడులు కిటికీ వెనక అంచును తప్పించుకుని పోతాయి. అంతకంటే గొప్ప ఏమీ లేదు అందులో.

ఆదివారం పొద్దున్నే వీధిలో కారు పెట్టి పని మొదలుపెట్టాను. ముందుగా అత్తగారి కుట్టుపెట్టెలోంచి తెల్లదారం తెచ్చి, బెత్తెడు ముక్కలు చేసి, తలుపు అంచున వరసగా టేపుతో అంటించి, కాలవ గట్టు రోడ్డు మీద ఒక్కణ్ణే పోయి వచ్చాను. దారపు ముక్కలు ఎక్కడ చిందర వందరగా ఎగిరాయో, ఎక్కడ వెనక్కి సాఫీగా పడుకున్నాయో చూసుకున్నాను. ఫోనులో గాలి పీడనం కొలిచే పరికరం ఉంది గానీ, అది సెకనుకు ఇరవై అయిదు సార్లే కొలుస్తుంది; సెకనుకు పదిహేడు సార్లు ఊగే దాన్ని పట్టాలంటే కనీసం దానికి రెట్టింపు సార్లు కొలవాలి. దారమే నయం. ఆ గంటసేపు నేను బాగున్నానని ఇప్పుడు తెలుస్తోంది. ఎవరైనా పిలిచి ఏరేటర్ ఎంత అని అడుగుతారేమోనని ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

అతికించే పని ఓపికతో చేయవలసినది. త్రికోణపు ముక్క మీద జిడ్డు పోయేలా స్పిరిట్‌తో తుడవాలి. ఆరనివ్వాలి. పలకను ఒకేసారి సరైన చోట పెట్టాలి, పెట్టాక జరపకూడదు. అర నిమిషం గట్టిగా నొక్కి, ఒక రోజు కదల్చకుండా వదిలెయ్యాలి. కుడివైపు అన్నీ ఇలాగే చేశాను. ఎడమవైపు తుడిచి, ఆరబెట్టి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళి వచ్చేసరికి మా అత్తగారు తలుపు దగ్గర వంగి ఉన్నారు. ఎడమచేతిలో పసుపు గిన్నె.

"కొత్త వస్తువు బిగిస్తూ వట్టిగా బిగిస్తారా బాబూ? అందులోనూ ఆయన కూర్చునే వైపు," అన్నారు.

గడపకు రాసినట్టు ఆ నల్లటి త్రికోణమంతా పసుపు పూసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టారు. పసుపు రాలకుండా అందులో నాలుగు చుక్కలు నువ్వుల నూనె కలుపుతారు ఆవిడ. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడ ప్రతి శుక్రవారం మా గది గడపకు రాసేదీ అదే.

"అత్తయ్యగారూ, ఇక్కడ..." అన్నాను.

"ఏం, ఎక్కువైందా?"

"లేదండి. బానే ఉంది."

పొడిగుడ్డతో పైపైన అద్దాను. ఆవిడ చూస్తుండగా స్పిరిట్ సీసా మూత తియ్యలేకపోయాను. భర్త ప్రాణం కోసం ఆవిడ పూసిన పసుపును ఆవిడ కళ్ళ ముందే కడిగెయ్యడం నావల్ల కాలేదు. ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగవచ్చు. కానీ ఆవిడ అరుగు మీద కూర్చుని బీరకాయలు చెక్కు తీయడం మొదలుపెట్టారు. పైగా బొట్టు చెరిగితే తరవాతైనా కనబడుతుంది. నల్లటి ప్లాస్టిక్ గరుకులో పసుపు సన్నగా మిగిలి మెరుస్తూనే ఉంది. దాని మీదే పట్టీ అతికించాను. పలక పారదర్శకం కాబట్టి బొట్టు దానిలోంచి చక్కగా కనబడింది. ఆవిడ సంతోషించారు. పుణెలో ఇలా అతికించిన నమూనాను నా బల్ల మీదికి తెచ్చినవాణ్ణి నేను వెనక్కి పంపేసేవాణ్ణి. అర నిమిషం బదులు నాలుగు నిమిషాలు నొక్కి పట్టుకున్నాను. ఎంతసేపు నొక్కినా లాభం లేదని నా వేళ్ళకు తెలుసు.

సోమవారం ఎనిమిదింటికి బయలుదేరాం. పెనుగొండ మీదుగా సిద్ధాంతం దాకా రోడ్డు ఇరుకు. యాభై దాటే పని లేదు. రోడ్డు మీదికి వచ్చిన గడ్డి మోపులు, ఎదురు బస్సులు. మావగారు తన వైపు పలకను వేలితో మీటారు.

"ఏంటి బాబూ, కారుకి చెవులు కుట్టించారా?"

"మోత తగ్గుతుందండి."

"తగ్గితే మంచిదే. ఒక మాట చెప్పాలి మీకు."

నేనూ ఒక మాట చెప్పాలనే బయలుదేరాను. సిద్ధాంతం వంతెన దగ్గర హైవే ఎక్కాం. అరవై. డెబ్బై. నా చెవులు ఎదురుచూస్తున్నాయి. డెబ్బై అయిదు. ఏమీ లేదు. ఎనభై. కిటికీ పక్క నుంచి గాలి ఒరుసుకుపోతున్న చప్పుడు తప్ప మరేం లేదు. ఎనభై అయిదు దగ్గర ఆయన చొక్కా కాలరు కూడా కొట్టుకోవడం లేదు.

"ఆగిపోయిందే!" అన్నారాయన. మెల్లగానే అన్నారు. నాకు ప్రతి అక్షరం వినబడింది.

ఇప్పుడు నేను నోరు తెరవాలి. ముందు రోజు రాత్రి వాక్యం కూర్చుకున్నాను: మావయ్యగారూ, పుణెలో నా పాత ఉద్యోగం మళ్ళీ ఇస్తామంటున్నారు, నాకు వెళ్ళాలని ఉంది. ఇందులో ఒక మాట కూడా ఎక్కువ లేదు. నేను గొంతు సవరించుకునేలోపు ఆయన మొదలుపెట్టారు.

"మన పక్క కొట్టు ఖాళీ చేస్తున్నారు. గోడ తీయించి రెండూ కలిపేద్దాం. బోర్డు కూడా మార్పిద్దామనుకుంటున్నా. నా పేరు చాలు ఇన్నాళ్ళు. ఇకనుంచి మీ పేరు మీద ఉంటుంది కొట్టు. పంతులుగారితో కూడా మాట్లాడాను. ఏమంటారు?"

రావులపాలెంలో అరటి గెలల లారీల వెనక నెమ్మదించాం. ఆయన నా వైపే చూస్తున్నారు. ఆ కారులో సీట్లు ఎంత దగ్గరంటే, గేరు మార్చినప్పుడల్లా నా మోచెయ్యి ఆయన మోచేతికి తగులుతుంది. మోత లేదు, వెనక సీటులో ఎవరూ లేరు, నేను చెవి చూపించి తప్పించుకునే దారి నా చేతులతో నేనే మూసేశాను. ఆయన మొహంలో సంతోషం ఉంది. నాలుగేళ్ళలో అంత సంతోషం చూడలేదు.

"ఆలోచిద్దామండి," అన్నాను.

"ఆలోచించడానికేముంది బాబూ?"

గౌతమి వంతెన ఎక్కాం. మా ముందు దారి ఖాళీగా ఉంది. వేగం ఎనభై దాటింది. సగం దూరంలో ఎడమవైపు నుంచి టపటపమని చప్పుడు వచ్చింది. పలక పైకొస విడిపోయి గాలికి కొట్టుకుంటోంది. మరుక్షణం పాత మోత పెద్ద గుద్దులతో లోపలికి వచ్చింది. వెనక లారీ, పక్కన లారీ. ఆపడానికి వీల్లేదు. ఆ మోత వినగానే నాకు ప్రాణం లేచి వచ్చిందని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. పలక ఎగిరి వెనకవాళ్ళ మీద పడుతుందేమోనన్న భయం ఆ తరవాతే వచ్చింది. మావగారు చెయ్యి బయటికి చాచి దాన్ని పట్టుకున్నారు. వంతెన దిగేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నారు.

జొన్నాడ దగ్గర కొబ్బరిబొండాల బండి పక్కన ఆపాను. ఆయన కిందికి దిగారు. పూర్తిగా ఊడి వచ్చిన పలక చేతిలోనే ఉంది. బొండాలాయన కత్తి ఆపి చూశాడు.

"అద్దం ఊడిందాండి?"

"అద్దం కాదు, చెవి," అన్నారు మావగారు. "రెండు బొండాలు కొట్టు. నీళ్ళున్నవి."

"ఆయ్. లేత కాయలేనండి అన్నీ."

మావగారు పలకను తిప్పి పట్టీ వైపు చూశారు. బూడిదరంగు పట్టీ మొత్తం పచ్చగా ఉంది. వేలితో రాసి వాసన చూశారు.

"మన ఇంటి పసుపే."

"అవునండి."

"మీ అత్తయ్య నూనె కలుపుతుంది. దాని మీద అతుకుతుందా ఇది?"

"అతకదండి."

"మీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

"తెలిసి అతికించారా?" ఆయన గొంతులో కోపం లేదు. కొట్టులో తిరిగొచ్చిన మోటారును విప్పి, ఎక్కడ కాలిందో వెతికేటప్పటి గొంతు అది. "ఎందుకు?"

"అత్తయ్యగారు నొచ్చుకుంటారని."

ఆయన బొండం అందుకుని తాగకుండా పట్టుకున్నారు. నా వైపు చాలాసేపు చూశారు. ఎనిమిదేళ్ళుగా అల్లుణ్ణి, అంతసేపు ఆయన నన్ను చూడడం అదే మొదలు.

"ఇలా తెలిసి అతికించినవి ఇంకా ఏమున్నాయి బాబూ?"

చెప్పాను. కూర్చుకున్న వాక్యం కూర్చుకున్నట్టు రాలేదు. సోమవారం ముందు వచ్చింది, పుణె తరవాత వచ్చింది, ఉద్యోగం చివర వచ్చింది. లారీలు పోతున్నాయి. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఈ లారీల్లో నాకేం వినబడట్లేదు. ఎక్కండి."

కారెక్కి నేను స్టార్ట్ చెయ్యగానే ఆయనే మీట నొక్కి తన అద్దం పైకెత్తారు. రెండేళ్ళలో ఆయన చేత్తో ఆయన అద్దం ఎత్తడం నేను చూడలేదు.

"వద్దండి, నేను నెమ్మదిగా పోనిస్తాను, దించే ఉంచండి," అన్నాను.

"చెప్పండి మొదట్నుంచీ."

వేమగిరి దాకా చెప్పాను. పుణె బల్ల గురించి, గోదాములో పైపు ముక్క గురించి, ఏరేటర్ ధర చెబుతున్నప్పుడు నా గొంతు నాకే ఎవరిదోలా వినబడడం గురించి. ఏసీ పూర్తిగా పెట్టాను. అయినా ఆయన నుదుటి మీద చెమట వరస కట్టింది. బెల్టు కింద వేళ్ళు దూర్చారు. రెండుసార్లు నా చెయ్యి అద్దం మీట మీదికి వెళ్ళింది. రెండుసార్లూ ఆయన తల అడ్డంగా ఊపారు. మూసిన కారులో ఒకరి ఊపిరి ఒకరికి వినబడుతోంది. చెప్పేది త్వరగా అయిపోతే ఆయన అద్దం దించుకుంటారని వేగంగా చెబుతున్నాను, ఆయనేమో, "ఆగండి, అదెప్పుడు? ఏ సంవత్సరం?" అని అడుగుతున్నారు.

అంతా అయ్యాక అన్నారు: "ఆరు నెలలని అన్నది నేనే. మర్చిపోలేదు. ప్రతి దసరాకీ మీరడుగుతారని చూశాను. మీరడగలేదు. అడగని మనిషిని నేనెందుకు పంపుతానండి?"

"మీరు నొచ్చుకుంటారని..."

"ఇప్పుడు నొచ్చుకోవట్లేదా నేను?"

రాజమండ్రి ఊళ్ళోకి వచ్చాం. సిగ్నల్ దగ్గర ఆయన అద్దం దించి, తల బయటికి పెట్టి, గాలి పీల్చుకున్నారు. పక్కన మోటారు సైకిలు మీదతను కారును ముందు నుంచి వెనక దాకా మెచ్చుకోలుగా చూశాడు. మావగారు అతనికి నవ్వుతూ తల ఊపారు.

ఆసుపత్రిలో రక్తపోటు ఎక్కువ చూపించింది. డాక్టరు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏవండీ, ఏమైనా ఆందోళన పడ్డారా?" అని అడిగారు. నేను కుర్చీ అంచు పట్టుకున్నాను.

"ఉక్కపోసిందండి కారులో," అన్నారు మావగారు.

"డిసెంబరులోనా?"

"అద్దాలెత్తామండి."

గంట కూర్చుంటే మళ్ళీ చూస్తామన్నారు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఆయన ఆ గంటలో చాలాసేపు కొట్టు గురించే మాట్లాడారు: కౌంటరు మీద ఎవరిని పెట్టాలి, మోటార్లు విప్పడం తెలిసినవాడు మార్టేరులో ఉన్నాడు గానీ మాట కటువు, పక్క కొట్టు తీసుకోవడం ఇక అనవసరం. ప్రతి వాక్యం నాకు తగులుతూనే ఉంది. ఆయన నన్ను శిక్షించడానికి మాట్లాడటం లేదు. పని ఎలా జరగాలో చూసుకుంటున్నారు, అంతే. చూసుకోలేరని ఇద్దరికీ తెలుసు. స్టూలు మీద నుంచి లేచి మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటే ఎన్నాళ్ళు కూర్చోగలరో డాక్టరు కూడా చెప్పలేరు. వెళ్ళను, ఉండిపోతాను అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి భయపడ్డాను.

ఆయన నా మొహం చూసి కనిపెట్టారు.

"సాయంత్రంలోగా రాయాలన్నారు గదా. ఇక్కడే రాయండి, నా ఎదురుగా. ఇంటికెళ్తే మీ అత్తయ్య అన్నం వడ్డిస్తుంది, మీరు రాయరు."

ఫోను తీసి రాశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నా భుజం మీదుగా ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివారు. ఒక చోట వేలు పెట్టారు.

"ఇదేంటి? రావడానికి ప్రయత్నిస్తానా? వస్తానని రాయండి."

ఆ మాట చెరిపేశాను. వస్తానని రాసి, ఏ తేదీకి వస్తానో కూడా రాసి, పంపాను. ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకుని, వెళ్ళిందో లేదో చూసి తిరిగి ఇచ్చారు. లోపలి నుంచి నర్సు ఆయన్ని పిలిచింది. ఆయన బెంచీ పట్టుకుని లేచి, రెండడుగులు వేసి ఆగారు.

"మీ అత్తయ్యకు మాత్రం నేను చెప్పనండి. ఆ పలక ఎందుకు ఊడిందో కూడా మీరే చెప్పుకోండి," అని పరదా తొలగించుకుని లోపలికి వెళ్ళారు.